చారిత్రక నవల ఎవరి ఇంటి కథ? కొల్లేటి సీమ నుంచి కొన్ని ప్రశ్నలు

తెలుగులో చారిత్రక నవల అనగానే రాజు గుర్తొస్తాడు. రాజు లేకపోతే సేనాని, సేనాని కూడా లేకపోతే కొలువులో కవి. నోరి నరసింహశాస్త్రి 'నారాయణభట్టు' రాజరాజ నరేంద్రుడి కాలాన్ని పట్టుకుంది. భీమవరం వైపు నుంచి వచ్చిన అడివి బాపిరాజు శాతవాహనుల మీద 'హిమబిందు', కాకతీయుల మీద 'గోన గన్నారెడ్డి' రాశాడు. ఇవి చదవదగినవి కావని నేను అనడంలేదు. నా ప్రశ్న వేరు. వేంగి రాజధాని అని చెప్పే పెదవేగి ఏలూరు పక్కనే ఉంది. ఆ వేంగి పేరుమీద మన పండితులు ఎంత కాగితం ఖర్చుపెట్టారో లెక్కలేదు. అదే ఏలూరు నుంచి దక్షిణంగా నాలుగు ఊళ్ళు దాటి కొల్లేటి గట్టుకి పోతే, అక్కడి మాలపల్లెలో, మాదిగ గూడెంలో తరాలుగా బతుకుతున్న ఇంటికి 'చారిత్రక నవల' అనే మాట వర్తించదా?

వర్తించదనే మన విమర్శ ఇంతకాలం నడిచింది. నోటితో అనలేదు, పద్దుల్లో చూపించింది. రాజుగారి ఇంటి కథ రాస్తే చారిత్రకం, మాలవాడి ఇంటి కథ రాస్తే సాంఘికం. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రామదాసు ఇల్లు, సంగదాసు చావు, వెంకటదాసు తిరుగుబాటు చదివినవాళ్ళంతా దాన్ని సాంఘిక నవల అన్నారు, జాతీయోద్యమ నవల అన్నారు. ఆ ఇంటికి ముందు తరాలున్నాయా, రామదాసు తాత ఎవరు, ఏ ఊరినుంచి వచ్చాడు అని ఎవరూ అడగలేదు. మాలవాడికి వర్తమానం ఉంటుంది, బాధ ఉంటుంది, సానుభూతి ఉంటుంది. గతం మాత్రం ఉండదు! శాసనం తీసి చూడండి. దానం పుచ్చుకున్న బ్రాహ్మడి గోత్రం ఉంటుంది, పొలం నాలుగు సరిహద్దులూ ఉంటాయి. ఆ పొలం దున్నినవాడి పేరు ఎందుకుంటుంది?

కొల్లేటికోట గురించి ఈ సీమలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. గజపతుల సేన కోటలో ఉంది, ముస్లిం సేన ఎదురుగా చిగురుకోట దగ్గర దిగింది, మధ్యలో నీళ్ళు. సరస్సు నీటిని సముద్రంలోకి తీయడానికి ఉప్పుటేరు తవ్వారు, ఆ పనికి ఒక ఆడపిల్లని బలిచ్చారు అని కథ. బలైపోయిన పిల్లకి పేరుంది, పేరంటాలని మొక్కుతారు. మంచిదే. కానీ కథలో ఒక కాలువ తవ్వారు కదా, ఆ పలుగూ పారా పట్టింది ఎవరు? కథ చెప్పేవాళ్ళకి ఆ ప్రశ్న తట్టదు. దళిత రచయితకి మొదట తట్టేది అదే. చారిత్రక నవల మనకి అక్కడ మొదలవుతుంది.

ఈ ప్రశ్నని నవలగా మలచిన పుస్తకం ఒకటి మనకుంది. జి.కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో విరసం ప్రచురణగా వచ్చింది. 2010లో అల్లాడి ఉమ, ఎం.శ్రీధర్ చేసిన ఇంగ్లీషు అనువాదం వచ్చాక తెలుగు బయట కూడా దాని గురించి మాట్లాడుకున్నారు. ఆ నవల నడిచేది మన సీమలో కాదు, దక్షిణ కోస్తాలో. అయినా కుటుంబ చరిత్రని ఆధారం చేసుకుని మొదటి నవల రాయాలనుకునే ఏలూరు, తాడేపల్లిగూడెం కుర్రవాడికి గానీ కుర్రదానికి గానీ పాఠం అదే. దాన్ని మెచ్చుకుని వదిలెయ్యకుండా, ఎలా కట్టారో విప్పి చూడాలి.

అందులో కథ చెప్పేది రూతు. ముసలామె, రచయిత్రి. భర్త రూబేను తనకి చెప్పినవి, రూబేనుకి ఇంకెవరో చెప్పినవి ఆమె గుర్తుచేసుకుంటుంది. ఎన్నెలదిన్నెలో వీధినాటకం ఆడి పాటలు కట్టిన ఎల్లన్న, అతని భార్య సుభద్ర, వాళ్ళ కొడుకు శివయ్య, కరువులో ఊరొదిలి కాలువ పనికి పోయి చివరికి క్రైస్తవుడై సీమోను అయిన శివయ్య. అతని కొడుకే రూబేను. ఆ తర్వాత ఇమ్మానుయేలు, జెస్సీ. గమనించండి, ఇక్కడ పేర్లే చరిత్ర. ఎల్లన్న నుంచి సీమోను దాకా ఒక తరంలో జరిగిన మార్పుని చెప్పడానికి చరిత్రకారుడికి నలభై పేజీల వ్యాసం కావాలి. నవల పేరు మార్చి చూపించింది. మన ఇళ్ళలో ముసలమ్మలు చెప్పేదీ ఇలాగే కదా: మా మామగారి పేరు పోలయ్య, దొరగారు పౌలు అన్నారు.

కళ్యాణరావు చేసిన తెలివైన పని రూతుని మధ్యలో నిలబెట్టడం. తరతరాల కథని రచయిత సొంత గొంతుతో చెప్పి ఉంటే, 'నీకెలా తెలుసు?' అని పాఠకుడు అడుగుతాడు. రూతు చెబితే అడగడు. ఎందుకంటే ఆమె తెలుసని అనడంలేదు, గుర్తొస్తోందని అంటోంది. జ్ఞాపకం తడబడుతుంది, ముందుకీ వెనక్కీ పోతుంది, చెప్పిందే చెబుతుంది. ఆ తడబాటే నవలకి నడక అయింది. కాగితం లేని జాతికి జ్ఞాపకమే దస్తావేజు అని ఉపన్యాసాల్లో అందరం అంటాం. దాన్ని నవల నిర్మాణంగా మార్చడం వేరే సంగతి.

కరువు ఘట్టం దగ్గర నవల చరిత్రతో నేరుగా తలపడుతుంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిని ప్రభుత్వం కరువు పనిగా పెట్టిందనేది చరిత్ర. చరిత్ర పుస్తకంలో అది ఉపశమన చర్య. నవలలో ఆ పని దగ్గర కూడా కులం కాపలా కాస్తుంది. ఆకలి అందరిదీ ఒకటే, పార పట్టుకునే చోటు మాత్రం ఒకటి కాదు. ఇది ఏ రిపోర్టులోనూ ఈ రూపంలో దొరకదు, ఇంటి జ్ఞాపకంలోనే దొరుకుతుంది. నవల పుట్టాల్సింది రిపోర్టుకీ ఇంటికీ మధ్య ఉన్న ఈ తేడాలోంచి.

చివరి భాగం మీద నాకు పేచీ ఉంది. ఇమ్మానుయేలు, జెస్సీల దగ్గరికి వచ్చేసరికి ఇంటి చరిత్ర విప్లవోద్యమ చరిత్రలో కలిసిపోతుంది. కలవడం తప్పుకాదు, ఎన్నో దళిత కుటుంబాలు నిజంగానే ఆ దారిన నడిచాయి, పిల్లల్ని పోగొట్టుకున్నాయి. కానీ ఎల్లన్నకీ సుభద్రకీ ఉన్న వంకరటింకర బతుకు, ఆ పాట, ఆ పంతం చివరి తరాలకి తక్కువ. వాళ్ళు మనుషులుగా కన్నా దారికి గుర్తులుగా కనబడతారు. అచ్చువేసిన సంస్థ ప్రభావం అని కొందరు తేలిగ్గా అనేస్తారు, నేను అంత తేలిగ్గా అనను. ఇది తరాల నవలలన్నిటికీ ఉన్న జబ్బు. దూరపు తాత మీద ఊహ ఆడుతుంది. దగ్గరి తండ్రి దగ్గరికి వచ్చేసరికి మన అభిప్రాయం వచ్చి కూచుంటుంది.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. సుజాత గిడ్ల 2017లో న్యూయార్కు నుంచి ఇంగ్లీషులో అచ్చువేయించిన పుస్తకం, 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్', నవల కాదు. శివసాగర్‌గా మనకి తెలిసిన కె.జి.సత్యమూర్తి, ఆయన తమ్ముడు కేరీ, చెల్లెలు మంజుల, ఈ ముగ్గురి జీవితం. మంజుల రచయిత్రికి తల్లి. సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ రాసిన పుస్తకం. దాని మొదట్లో ముత్తాతల కథ ఒకటుంది. ఖమ్మం వైపు అడవిలో తిరిగే జనం. టేకు తోటల కోసం బ్రిటిష్‌వాళ్ళు అడవి కొట్టేస్తే మైదానానికి వచ్చిపడ్డారు. మనిషి అలికిడి లేని ఒక పెద్ద సరస్సు పక్కన ఆగి సాగు చేసుకున్నారు. తమ దేవుడి పేరు మీద శంకరపాడు అని ఊరికి పేరు పెట్టుకున్నారు. తర్వాత జమీందారు మనిషి వచ్చాడు, పన్ను వచ్చింది, అప్పు వచ్చింది, భూమి పోయింది. భూమి పోయాకనే వాళ్ళు అంటరానివాళ్ళయ్యారు.

పుస్తకంలో ఇది కొద్ది పేజీలే. నా దృష్టిలో మాత్రం ఒక పూర్తి నవల అక్కడ దాక్కుని ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య నీటి అంచున ఉన్న ఏ దళిత పేటలో అడిగినా ఈ కథకి దగ్గర కథ వినిపిస్తుంది: మేం ముందొచ్చాం, తుంగ కోసి, కిక్కిస నరికి, దిబ్బ చేసింది మేం, ఊరు తర్వాతొచ్చింది. నిజమా కాదా అని సర్వే నంబరు చూడబోతే పట్టా ఇంకొకడి పేర ఉంటుంది. చరిత్రకారుడు అక్కడ ఆగిపోతాడు. నవల ఆగక్కర్లేదు.

ఆగక్కర్లేదని అన్నది నేను కాదు, అంబేద్కర్. 1944 సెప్టెంబరులో వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న రోజుల్లో ఆయన మద్రాసు రాష్ట్రంలో తిరుగుతూ ఏలూరు వచ్చారు. ఆ రోజు చూసినవాళ్ళ మాట ఇంకా కొన్ని ఇళ్ళలో మనవల నోట బతికే ఉంది. ఆ తర్వాత నాలుగేళ్ళకి, 1948లో, అంటరానివాళ్ళు ఎవరు, ఎలా అయ్యారు అన్న పుస్తకం వేశారు. చెదిరిపోయిన తెగల మనుషులు ఊరి అంచున కాపురముండి, తర్వాత అంటరానివాళ్ళుగా మిగిలారని అందులో వాదం. ముందుమాటలో ఆయన పద్ధతి గురించి మాట్లాడారు. ఆధారాల గొలుసులో కొన్ని లంకెలు లేనప్పుడు చరిత్రకారుడు చేతులు ముడుచుకు కూచోవాలా అని అడిగి, శిక్షణ పొందిన ఊహతో ఆ ఖాళీని పూరించవచ్చునని వాదించారు. శంకరపాడు కథ పక్కన ఈ ముందుమాట పెట్టుకు చదవండి. దళిత చారిత్రక నవలకి ఇంతకంటే మంచి అలంకారశాస్త్రం మనకి లేదు. 'శిక్షణ పొందిన' అన్న మాట మాత్రం మరిచిపోకూడదు.

ఆ శిక్షణ మన సీమలో ఏమిటి? ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటి నవల రాసేవాళ్ళు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే.

మొదటిది కాలం. మన ఇళ్ళలో సంవత్సరాలు అంకెల్లో ఉండవు. ధాత కరువు నాటికి మా తాత తండ్రి పాలేరు, ఉప్పెన తర్వాత ఇటొచ్చాం అంటారు. ధాత అంటే 1876-77, దక్షిణాది అంతా ఎండిన కరువు. ఉప్పెన అంటే 1864 బందరు ఉప్పెన కావచ్చు, 1977 దివిసీమ ఉప్పెన కావచ్చు, చెప్పేవాళ్ళ వయసుని బట్టి తేల్చుకోవాలి. నందన అంటే మరీ చిక్కు. గుంటూరు కరువు నాటి నందన 1832-33. అరవై ఏళ్ళకి మళ్ళీ 1892-93. మళ్ళీ 1952-53. మూడు నందనల్ని కలిపేసి ఒకే ముసలమ్మ చేత చెప్పిస్తే ఆమె వయసు నూట ఇరవై దాటుతుంది. పాఠకుడు నవ్వడు గానీ, నమ్మడు.

రెండోది కాగితం ఎక్కడుందో తెలుసుకోవడం. 1859లో ఏర్పడ్డ గోదావరి జిల్లాలో ఏలూరు ఉంది. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం కృష్ణా జిల్లాలో కలిశాయి. 1925లో ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వేరుపడి, కృష్ణా నుంచి కైకలూరు దీంట్లోకి వచ్చింది, తాడేపల్లిగూడెం భీమవరం ముఖ్యపట్టణంగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఇల్లు కదలకుండానే జిల్లా నాలుగుసార్లు మారింది. కాబట్టి ఒకే పేట గురించి 1878 నాటి మోరిస్ గోదావరి మాన్యువల్‌లో వెతకాలి, 1907 నాటి హెమింగ్వే గెజెటీరులో మాత్రం వెతక్కూడదు, అప్పటికి ఏలూరు ఆ జిల్లాలో లేదు. గెజెటీరులో మా ఊరే లేదు అని ఒక పరిశోధక విద్యార్థి వాపోతుంటే విన్నాను. ఊరు లేకపోవడం కాదు, జిల్లా మారింది.

మూడోది చర్చి రిజిస్టరు. ఊరి కరణం లెక్కలో మనవాళ్ళ పేరు ఎక్కడానికి భూమి కావాలి. బాప్తిస్మం రిజిస్టరులో ఎక్కడానికి నీళ్ళు చాలు. అందుకే మన కుటుంబాల మొదటి రాతప్రతి చాలాచోట్ల అదే అవుతుంది. కొల్లేటి చుట్టూ మిషన్లు పంచుకున్న తీరు చూడండి. ఏలూరు, బందరు వైపు చర్చి మిషనరీ సొసైటీ. ఆకివీడులో కెనడా బాప్టిస్టులు. నరసాపురం, పాలకొల్లు వైపు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ల గోదావరి డెల్టా మిషన్. తాడేపల్లిగూడెం వైపు లూథరన్లు. అన్నకి ఒక మిషన్, పెళ్ళి చేసుకుని పోయిన చెల్లెలికి ఇంకో మిషన్. ఇక ఆ మిషనరీలు ఇంటికి రాసిన ఉత్తరాలు, నివేదికలు? చర్చి మిషనరీ సొసైటీ కాగితాలు ఇంగ్లాండులో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కెనడా బాప్టిస్టులవి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కొల్లేటి గట్టు మాలపల్లె చరిత్ర చదవడానికి పాస్‌పోర్టు కావాలి! ఇది ఎకసెక్కం కాదు. ఎవరు ఏ నవల రాయగలరో ఇదే నిర్ణయిస్తోంది.

ఆ ఉత్తరాల్ని దొరికినంతలో చదివినా జాగ్రత్తగా చదవాలి. మిషనరీ తన దేశంలో చందా ఇచ్చేవాళ్ళ కోసం రాశాడు. చీకట్లోంచి వెలుగులోకి వచ్చిన మాలవాడు అతనికి కావాలి. మనవాడు ఎందుకు వచ్చాడో అతనికి పూర్తిగా తెలియదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కడుతుంటే వేలమంది కూలీలు అక్కడ చేరారు, మిషన్‌వాళ్ళు ప్రకటన చేసింది ఆ కూలీల మధ్యనే. ఊరి కామందు కంటికి దూరంగా, మొదటిసారి డబ్బు రూపంలో కూలి చేతికొచ్చిన చోట, కొత్త దేవుడి మాట చెవినపడింది. ఇందులో దేవుడి పాలెంత, డబ్బు కూలి పాలెంత, ఊరికి దూరంగా ఉన్న ధైర్యం పాలెంత? తూకం వేయడం నవలాకారుడి పని. కాటన్ దొర విగ్రహానికి దండ వేసే సీమలో, ఆ మట్టి మోసినవాళ్ళ ఇంటి కథ ఇంతవరకు నవలగా రాలేదంటే, ఆ లోటు డెల్టా మీద గర్వపడే అందరిదీ.

కొల్లేటి మీద నవల లేకపోలేదు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' ఉంది, వసంత కన్నబిరాన్ ఇంగ్లీషు చేశారు. సరస్సు బతికి ఉన్న రోజుల్ని, ఊరు కలిసి నీళ్ళతో వేగిన తీరుని, ఆ నీళ్ళు చచ్చిపోవడాన్ని ఇష్టంగా రాసిన పుస్తకం. కానీ అది పొలమున్న రైతు ఇంటి అరుగు మీద నుంచి చూసిన కొల్లేరు. నిజాయితీగా చూశారు, అయినా అరుగు అరుగే. వరదొస్తే రైతుకి పంట పోతుంది. కూలికి ఆ సార్వా పోతుంది, వచ్చే దాళ్వా దాకా తిండీ పోతుంది, పాలేరుతనంలో అప్పు మాత్రం పెరుగుతుంది. దోనె మీద మావులేసే వడ్డెవాడి కొల్లేరు ఇంకోటి. ఈ మూడు కొల్లేర్లూ ఒకటే నీళ్ళు, ఒకటే నవల కాదు.

ఇక అసలు కష్టమైన మాట. ఇంటి చరిత్ర రాయబోయేవాడు తాతని నాయకుడిగా చేస్తాడు. మునసబుని ఎదిరించాడు, బావిలో నీళ్ళు తోడాడు, చెప్పులు వేసుకుని ఊళ్ళో నడిచాడు. కొందరు నిజంగా చేశారు. అందరూ చేసి ఉంటే చరిత్ర ఇలా ఉండేది కాదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. ఆ రెండు ఊళ్ళ పేర్లు మనకిచ్చిన కోపాన్ని తీసుకెళ్ళి 1880లో ఉన్న పెద్దపాలేరు నోట్లో పెడితే, అతను మన మాట మాట్లాడతాడు, తన మాట మాట్లాడడు. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు కవిత్వంలో ఆ కోపం అవసరం, ఎందుకంటే కవి తన గొంతుతో మాట్లాడుతున్నాడు. నవలలో ముత్తాత గొంతు వేరు. అతని ఎదిరింపు ఏమిటి? కుప్ప నూర్చేటప్పుడు తాలుతో పాటు గింజ కూడా పక్కకి తోసెయ్యడం. దొర కబురంపితే వినబడనట్టు ఉండడం. రాత్రికి రాత్రి దోనె ఎక్కి లంకలోకి పోవడం. ఇవి చిన్నవిగా కనబడతాయి. పాలేరు పారిపోవడం కామందుకి ఎంత నష్టమో అప్పుపత్రం చూసినవాళ్ళకి తెలుసు.

ఇంకోటి. తాత మాలవాడైతే మాదిగవాడిని ఎలా చూశాడు? ఇంట్లో ఎవరూ చెప్పరు. అడిగితే మాట మార్చేస్తారు. ఒకే చర్చిలో బెంచీలు ఎలా పడ్డాయి, పెళ్ళిసంబంధం మాట ఎప్పుడైనా వచ్చిందా, బావి ఒకటేనా? 1994లో మాదిగ దండోరా మొదలైనప్పటి నుంచి 2024లో సుప్రీంకోర్టు వర్గీకరణని సమర్థించిన తీర్పు దాకా ముప్ఫయ్యేళ్ళ వాదన మన మధ్య నడిచింది. ఆ వాదన మూలం సభల్లో లేదు, ఇళ్ళల్లో ఉంది. కుటుంబ నవల రాస్తూ ఈ గదికి తాళం వేసేస్తే, అది కూడా వంశప్రశస్తే, శాసనాల బాపతే. ఆడవాళ్ళ విషయం సరేసరి. కథంతా ముసలమ్మ నోట విని, రాసేటప్పుడు ముసలాయన్ని కథానాయకుడిగా పెట్టడం మనకి అలవాటైపోయింది. ఆమె నాట్లకి పోయిన చేలెన్ని, కన్నవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు, మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే భర్త ఏమన్నాడు, ఇవి అడిగిన పుస్తకాన్ని నేను ముందు చదువుతాను.

బతికున్న చుట్టాలు ఊరుకుంటారా? ఊరుకోరు. పేర్లు మారిస్తే 'మా నాన్న పేరు ఎందుకు తీసేశావు' అంటారు, మార్చకపోతే 'మా పరువు తీశావు' అంటారు. నవల అని పేరు పెట్టుకోవడం వల్ల వచ్చే లాభం ఇక్కడే. అయితే ఈ లాభాన్ని దుర్వినియోగం చెయ్యొద్దు. మాటలు కల్పించవచ్చు, మనసు కల్పించవచ్చు, ఊరి పేరు మార్చవచ్చు. జరగని హత్యని ఒక కుటుంబం మీద వేయకూడదు, జరిగిన హత్యని తీసేయకూడదు. ఈ గీత ఎవరికి వాళ్ళు గీసుకోవాలి గానీ గీయాలి.

అచ్చు సంగతి. 'అంటరాని వసంతం' వెనక ఒక సంస్థ ఉంది, దాని పత్రిక, దాని కార్యకర్తలు, సభల్లో పుస్తకాల బల్ల ఉన్నాయి. అది లేనివాళ్ళకి తెలుగులో దారి తెలిసిందే. విజయవాడలో సొంత డబ్బుతో వెయ్యి కాపీలు, ఆవిష్కరణ సభ, ఇంట్లో మంచం కింద కట్టలు. వై.బి.సత్యనారాయణ తన తండ్రి చరిత్ర, 'మై ఫాదర్ బాలయ్య', ముందు ఇంగ్లీషులోనే 2011లో వేశారు, తెలుగులోకి తర్వాత వచ్చింది. గిడ్ల పుస్తకం పుట్టింది ఇంగ్లీషులో. ఇంగ్లీషులో రాయడం తప్పని నేననను, తెలుగు ప్రచురణ ఆ పుస్తకాలకి తలుపు తెరవలేదు మరి. కానీ ఇంగ్లీషులో 'అత్త' అన్న మాటకి అందరూ ఆంటీలే. మేనత్తా, పిల్లనిచ్చిన అత్తా, పక్కింటి అత్తా ఒకటైపోతారు. వరసల్లోనే కుటుంబ చరిత్ర ఉన్న మనకి ఇది చిన్న నష్టం కాదు. పైగా ఆ కథ చెప్పిన ముసలమ్మ మనవడు, దెందులూరులోనో పుల్లలోనో డిగ్రీ చదువుకుంటున్నవాడు, తన ఇంటి కథని తన భాషలో కొనుక్కోగలగాలి. మొదటి నవలకి చిన్న ప్రతిపాదన నాది: అచ్చుకి ముందు పేటలో చదివి వినిపించడం. తేదీలు వాళ్ళు దిద్దుతారు, వరసలు దిద్దుతారు, తిట్లు కూడా సరిచేస్తారు. ఏ సంపాదకుడూ అంత పని చెయ్యడు.

అలాంటి నవల ఎక్కడ ఆగాలి అన్నది మిగిలిన ప్రశ్న. ఉద్యోగం వచ్చిన మనవడి దగ్గర ఆపడం సులువు. హైదరాబాదు, అపార్టుమెంటు, గోడ మీద తాత ఫొటో. నేనైతే కొల్లేటిలోనే ఉంటాను. 1976లో ప్రభుత్వం మత్స్యకారులకీ బీదవర్గాలకీ సహకార సంఘాలు పెట్టి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. సంఘం పుస్తకంలో మనవాళ్ళ పేర్లు ఎక్కాయి. తరాల తర్వాత కొల్లేటి మీద ఒక కాగితం వచ్చింది, అదీ ప్రభుత్వ కాగితం. తర్వాత చెరువులు లీజుల్లోకి పోయాయి, డబ్బున్న కులాల చేతుల్లోకి పోయాయి, పేర్లున్నవాళ్ళు ఆ చెరువుల మీదే కాపలాకి కుదిరారు. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో రామ్సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో ప్రభుత్వం చెరువు గట్లు కొట్టించింది. పర్యావరణం గెలిచిందని పత్రికలు రాశాయి, సరస్సుకి నీళ్ళు రావాల్సిందే, కాదనను. గట్టు తెగి నీళ్ళు కలిసిపోతుంటే కాపలా గుడిసె సర్దుకుంటున్న మనిషి, ఆ చెరువుకి కాగితం మీద సభ్యుడు, లాభంలో ఎప్పుడూ సభ్యుడు కానివాడు, అతనితో నవల మొదలుపెట్టొచ్చు. అక్కడినుంచి వెనక్కి, ఆకివీడు మిషన్ బడి మీదుగా, ధవళేశ్వరం మట్టితట్ట మీదుగా, తుంగ కోసి దిబ్బ చేసిన మొదటి మనిషి దాకా. ఆ మనిషి పేరు రిజిస్టరులో ఉండదు. అక్కడ మాత్రం కల్పించాల్సిందే.